ఫ్రాన్సు శౌరి

"ఈ లండన్ వైరింగు శుద్ధ దండగ సార్. ఫ్రాన్సులో అయితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు."

వరండాలో నిలబడి ఆ మాటన్న ముసలాయన వైపు రాజ్యలక్ష్మి విసుగ్గా చూసింది.

ఎనభై ఎనిమిదిలో జూబ్లీహిల్స్‌లోని వాళ్ల ఇంటిమీద మేడ లేస్తోంది. కరెంటు పని భిక్షంది. ఆ పొద్దున ఈయన్ని వెంటబెట్టుకొచ్చింది కూడా అతనే.

"శౌరి సారమ్మా. యూసుఫ్‌గూడల మా గల్లీలనే ఉంటడు. ఫ్రాన్స్‌ల శానేండ్లు గిదే పని జేసిండంట. జర జూస్తనంటె తోల్కొచ్చిన."

రాజ్యలక్ష్మి భర్త సూర్యప్రకాశరావు పడకకుర్చీలో ఉన్నాడు. వయసులో ఉండగా లండన్‌లో ఇళ్లకు కరెంటు పని చేయించిన ఇంజనీరు. ఈ మేడకీ ఆ పద్ధతే కాగితం మీద గీసిచ్చాడు. తిరిగొచ్చాక స్టూడియోలకు లైట్లు అద్దెకిచ్చి పైకొచ్చాడు. పక్షవాతం వచ్చిపోయాక కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ నాలుక మడతపడింది.

మాట్లాడిస్తేనే మాటొస్తుందన్నాడు డాక్టరు.

ఆయన నోరే విప్పలేదు. ముద్దముద్దగా వచ్చే మాట పదిమందీ వినడం ఆయనకు చిన్నతనం. రాజ్యలక్ష్మి బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. అన్నిటికీ తల ఊపడమే జవాబు.

అలాంటి మనిషి ఎదుట ఎవరో వచ్చి లండన్‌ని తిడుతున్నాడు.

"ఒకటే తీగని ఇల్లంతా చుట్టబెట్టి, మళ్లీ తెచ్చి అదే బోర్డులో కలపడమేంటి సార్, గానుగెద్దులాగా? ఫ్రాన్సులో ఏ గది లైను ఆ గదిదే."

సూర్యప్రకాశరావు పెదవులు వణికాయి.

"త... తప్పు."

రాజ్యలక్ష్మి కాఫీ గ్లాసు కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఏంటి సార్ తప్పు?" శౌరి వంగి చెవి దగ్గరికి తెచ్చాడు.

"రెండు... వైపుల్నుంచీ... కరెంటు. తీగ... వేడెక్కదు."

ఒక్కో మాటకీ కొండెక్కుతున్నట్టు ఆయాసపడ్డాడాయన.

"వేడెక్కదా? అయితే రేపొచ్చి మాట్లాడతాను," అని వెళ్లిపోయాడు శౌరి.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఫ్రాన్సులో ప్లగ్గు పక్కన స్విచ్చే ఉండదు సార్. గోడకి గుచ్చామా, పనైపోయిందా."

"పీకేటప్పుడు... రవ్వలొస్తే?"

"ఎర్తు పిన్ను గోడలోంచే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎంత బాగుంటుందో."

"ముక్కులాగా. అసహ్యం."

"మీ లండన్‌వాళ్లు ప్లగ్గు కడుపులో ఫ్యూజు దాస్తారట కదా, దొంగసొత్తులాగా?"

"ఇస్త్రీపెట్టె చెడితే ఆ ఫ్యూజొక్కటే పోతుంది. ఇల్లంతా... వెలుగుతూనే ఉంటుంది. తెలుసా నీ ఫ్రాన్సుకి?"

శౌరి తల గోక్కునేవాడు. రేపు చెబుతానని వెళ్లేవాడు. ఎన్నిసార్లు ఓడినా సిగ్గులేని మనిషి, అనుకునేది రాజ్యలక్ష్మి.

భిక్షం మేడమెట్ల మీంచి తొంగిచూసేవాడు. "మీరిద్దరు గిట్ల కొట్లాడితె నేనేం బిగియ్యాలె సారూ?"

"నేను చెప్పింది," అనేవాడు సూర్యప్రకాశరావు.

చివరికి స్నానాలగది దగ్గర వచ్చింది గొడవ.

"లండన్‌లో స్నానాలగది లైటుకి తాడు కడతారట. గుళ్లో గంట కొట్టినట్టు లాగాలట. నవ్వొస్తుంది సార్."

"తడిచెయ్యి స్విచ్చుకి తగలకూడదనిరా, మూర్ఖుడా."

సూర్యప్రకాశరావు కుర్చీలోంచి సగం లేచాడు. మొహం కందగడ్డలా అయింది. దగ్గుతెర ముంచుకొచ్చింది.

రాజ్యలక్ష్మి హడలిపోయింది. మళ్లీ పక్షవాతం వస్తే? శౌరిని గేటు దాకా తీసుకెళ్లింది.

"రేపట్నుంచి రాకండి. ఆయనకసలే బీపీ. మీకేమో మర్యాద తెలీదు."

శౌరి చేతులు జోడించాడు. "అలాగేనమ్మా. లండనే గొప్పదని ఒప్పుకున్నానని సార్‌తో చెప్పండి."

ఆమె చెప్పలేదు.

మర్నాడు సూర్యప్రకాశరావు పెందలాడే గడ్డం గీయించుకుని, కుర్చీ గేటు వైపు తిప్పించుకున్నాడు.

"ఆ ఫ్రాన్సువాడు రాలేదేం?"

"వస్తాడులెండి."

రోజులు గడిచాయి. ఆయన మళ్లీ తల ఊపడం మొదలుపెట్టాడు.

మేడ పని పూర్తయి భిక్షం వేరే ఊరికి పనికి పోయాక, బంజారా హిల్స్ నుంచి డాక్టరు పరీక్షకొచ్చాడు. నాలుగు మాటలు పలికించి ఆశ్చర్యపోయాడు.

"మాట బాగా తేటపడిందండీ. ఎవరో గానీ రోజూ గట్టిగానే మాట్లాడించారు. మధ్యలో ఆపకండి."

గేటు దగ్గర శౌరితో తానన్న మాట రాజ్యలక్ష్మికి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే యూసుఫ్‌గూడ వెళ్లి, గల్లీలన్నీ అడుగుతూ శౌరి ఇల్లు పట్టుకుంది. చిన్న గది. గోడకి శౌరి ఫొటో. దాని ముందు కొవ్వొత్తి.

తలుపు తీసిన తెల్లచీర పెద్దావిడ శౌరి భార్య తెరెసా.

"పోయిన ఆదివారం అమ్మా. చర్చిలో పూజకెళ్లొచ్చి పడుకున్నారు. ఇక లేవలేదు."

రాజ్యలక్ష్మి అక్కడే చాప మీద కూచుంది.

"మావారు ఆయన కోసం రోజూ గేటు వైపే చూస్తున్నారండీ. నేనే రావద్దన్నాను."

"చెప్పారు. భయపడిందిలే పాపం, ఆ తల్లి తప్పేముందీ అన్నారు."

"పోట్లాడితే పోట్లాడారు గానీ, మావారికి మాటొచ్చింది ఆయన వల్లే. ఫ్రాన్సులో చాన్నాళ్లున్నారా?"

తెరెసా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఫ్రాన్సు మొహం ఎరగరమ్మా, బతుకంతా లండన్‌లో ఇళ్లకి ఆ చుట్టుతీగే లాగిన మనిషి, అయ్యగారు నోరు విప్పడం లేదని భిక్షం చెప్పిన దగ్గర్నుంచీ, ఆయన చేతిలో ఓడిపోవడానికి రోజూ పొద్దున్నే బోరబండలో ఉండే, పారిస్‌లో కరెంటు పని చేసొచ్చిన యానాం ఆయన దగ్గర కూచుని ఫ్రాన్సు సంగతులు నేర్చుకుని మరీ వచ్చేవారు."