అద్దాల పెట్టెలో లైటు

రాజం భార్య వినోదను కాలువలోంచి ఎవరూ తీయలేదు. మూడో రోజు తెల్లవారేసరికి శవం దానంతటదే తేలింది.

నాలుగేళ్లుగా ఆర్మూరులో రాజం చెప్పే మాట ఇదే.

మునిగిన రోజు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఒక్కడూ దిగలేదు. మూడో రోజు రాజం పోలీస్ స్టేషన్‌కు వెళ్లి వచ్చేసరికి ఆమె గట్టు మీద ఉంది. మెడ నుంచి పాదాల దాకా ఎవరిదో తడి గళ్ల లుంగీ కప్పి ఉంది.

ఆ ఏడాదే అతను హైదరాబాద్ వెళ్లి, నీళ్లలో దిగేవాళ్లు వాడే ఎల్‌ఈడీ లైటు ఒకటి తెచ్చాడు. పసుపు యార్డు ఎదుట ఉన్న తన టార్చిలైట్ల దుకాణంలో, వినోద ఫోటో కింద, అద్దాల పెట్టెలో పెట్టాడు. ఏటా ఆమె పోయిన రోజున సెల్లులు మార్చేవాడు. అమ్మలేదు.

2008 మార్చి. మధ్యాహ్నం రెండున్నరకు దుకాణం ముందు బండి ఆగింది.

నడిపింది భూమేష్. ఇంజన్ ఆపలేదు. వెనక నుంచి తడి జుట్టుతో ఒక మనిషి దిగాడు.

"నీళ్ల కింద వెలిగే లైటు కావాలె సేటు. జల్ది."

"ఎందుకు?"

"కాక, మా అమ్మ నీలవ్వ..." భూమేష్ బండి మీది నుంచే అందుకున్నాడు. "పొద్దున పసుపు ఆరబోసిన పట్టాలు కడగపోయి కాలువల జారింది. తూము కాడ ఉన్నట్టుంది. నాలుగింటికి మల్ల నీళ్లిడుస్తరట. ఇడిస్తే ఇగ శవం గూడ దొరకది. ఈయన దేవరాజు. పోచంపాడు డ్యాముల సిలిండర్ కట్టుకొని దిగుతడు. ఈయన లైటు పొద్దుగాల పగిలిపోయింది."

రాజం ఒక టార్చి తీసి బల్ల మీద పడేశాడు. దాని మీద 'వాటర్‌ప్రూఫ్' అని చీటీ ఉంది.

దేవరాజు దాన్ని తిప్పి చూశాడు. "బొత్తాంది వద్దు. తల తిప్పితే వెలిగేది ఉన్నదా?"

"ఏదైతే ఏంది?"

దేవరాజు కుడి చెవి ముందుకు వంచాడు. "ఏమన్నవ్?"

"చెవుడా?"

"ఎడమది వినరాదు సేటు."

రాజం టార్చి వెలిగించి బకెట్‌లో ముంచాడు. నీళ్లలో అది వెలుగుతూనే ఉంది. "చూసినవా?"

"బకెట్ల అన్నీ వెలుగుతయి. ఇరవై అడుగుల లోతుల నీళ్లు ఒత్తుతయి. బొత్తాం సందుల నుంచి లోపటికి దూరుతయి. రబ్బరు రింగులు రెండుండాలె. వెలుగు సన్నగ పోవాలె. పరుచుకుంటే బురద నీళ్లల్ల పాలు పోసినట్టయితది, చెయ్యి గూడ కనబడది."

అతని చూపు అద్దాల పెట్టె మీద పడింది.

"గదియ్యి."

"గది అమ్మేది కాదు."

"సాయంత్రం తెచ్చిస్త."

"ఇచ్చేది గూడ కాదు. నా పెండ్లాం మునిగిన్నాడు ఒక్కడు దిగలే. గీ ఊరోళ్లకు చూపెట్టెతందుకే గది తెచ్చిన."

"కాక, నీ కాల్మొక్త," అన్నాడు భూమేష్.

"నాడు గట్టు మీద నువ్వు గూడ ఉన్నవు భూమేష్. బీడి తాగుకుంట చూసినవు. నేను మర్వలే."

భూమేష్ తల దించుకున్నాడు.

దేవరాజు కళ్లు లైటు మీది నుంచి పైనున్న ఫోటో మీదికి పోయాయి. అక్కడే ఆగిపోయాయి.

"ఏం చూస్తున్నవ్?" అన్నాడు రాజం.

"ఏం లేదు సేటు."

గోడ గడియారం మూడు కొట్టింది.

దేవరాజు చీటీ టార్చినే తీసుకున్నాడు. సైకిల్ ట్యూబు ముక్క అడిగి బొత్తాం మీద బిగించి చుట్టాడు. దాని మీద గ్రీజు పూశాడు. అతని చేతులు తొందరపడలేదు. భూమేష్ మాత్రం బండి మీద కూర్చుని గడియారాన్నే చూస్తున్నాడు.

బండి కదిలింది.

నాలుగైంది. అయిదైంది. రాజం దుకాణంలోనే కూర్చున్నాడు.

ఆరింటికి కనకవ్వ వచ్చింది. వినోద శవానికి స్నానం చేయించింది ఆమే.

"నీలవ్వ దొరికింది," అంది.

"మంచిది."

"ఆయన దొరకలే."

రాజం తలెత్తాడు.

"సగంలనే లైటు ఆరిపోయిందట. పైకొచ్చి చెప్పిండు. వద్దన్నరు. నాలుగైతున్నదని మల్ల దిగిండు. చీకట్ల తడుముకుంట ఆమెను తాడుకు కట్టి పంపిండు. ఆయన తూము ఊచలల్ల ఇరుక్కున్నడు. నీళ్లయితే ఇడువలే, ఆపిండ్రు. తీసెటోడే లేడు."

"ఆయనను దిగుమని ఎవలు చెప్పిండ్రు?"

"నాడు గూడ ఎవలు చెప్పలే."

"ఏనాడు?"

కనకవ్వ ఫోటో వైపు చూసింది.

"వినోద తేలలే కొడుకా. మూడో నాడు తెల్లారంగ నువ్వు ఠాణాకు పోయినవు. గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్న. ఈయననే డ్యాము దిక్కు నుంచి వచ్చిండు. సిలిండర్ లేదు, లైటు లేదు. దిగిండు. నాలుగుసార్లు దిగిండు. చీర ఊచలకు చుట్టుకున్నదట, చింపి తీసిండు. పైకొచ్చినంక ఆయన ఎడమ చెవుల నుంచి నెత్తురు."

రాజం ఫోటో వైపు తిరిగాడు.

"ఆమె ఒంటి మీద నూలుపోగు లేకుండె. తన లుంగీ కప్పిండు. 'మగనికి ఇట్ల దొరికిందని చెప్పకు, తేలిందని చెప్పు' అన్నడు. ఒట్టేయించుకున్నడు. నేను చెప్పలే."

రాజం లేచాడు. తాళంచెవి వెతకలేదు. తలుపుకు అడ్డం పెట్టే రాయితో అద్దం పగలగొట్టి లైటు తీసుకున్నాడు.

మరునాడు డ్యాము నుంచి వచ్చిన మనుషులు దాన్ని పట్టుకొని దిగి దేవరాజు శవాన్ని తీశారు. ఆ లైటు ఒక్కసారి కూడా ఆరలేదు.

పెట్టె ఎందుకు ఖాళీగా ఉందని యార్డుకు వచ్చే రైతులు అడిగేవారు.

"గా ముచ్చట నా దగ్గర తియ్యకుండ్రి," అనేవాడు రాజం. వినోద తేలిందని గానీ, తీశారని గానీ మళ్లీ ఎన్నడూ నోరు విప్పలేదు.