తారు దిగిన బండి

కోస్గి వెళ్లే సింగిల్ రోడ్డు పక్కన, బక్కమ్మ పత్తి చేనులో గ్రానైట్ లారీ ఎడమ పక్కకు పడి ఉంది.

అసలే నల్లరేగడి. దానికి తోడు వారమంతా ముసురు. ఒక పక్క చక్రాలు మట్టిలో కూరుకుపోయి, ఇంకో పక్కవి ఆకాశం చూస్తున్నాయి. లారీ మీదున్న రాతి దిమ్మె జారి, పూత మీదున్న పత్తిని తొక్కుకుంటూ పోయి చేను నడుమ తీరిగ్గా కూర్చుంది.

అంత బరువు ఎత్తే క్రేన్ ఆ చుట్టుపక్కల నాగేందర్ దగ్గరే ఉంది. మామూలుగా అతన్ని రప్పించాలంటే అలిగిన అల్లుణ్ణి పిలిచినట్టు పిలవాలి. ఇవాళ మాత్రం ఫోన్ పెట్టేసిన కాసేపటికే వచ్చి నిలబడ్డాడు. లారీ ఓనరు వెంకటేశ్ మురిసిపోయాడు.

క్రేన్ దిగిన నాగేందర్, ఇలాంటి చోట ఎవరైనా మొదట అడిగే మాట అడగలేదు. లారీ ఎట్లా పడిందని దారిన పోయేవాళ్లంతా అడిగారు, అతను తప్ప. నేలను మడమతో తొక్కి చూశాడు. పడమటి మబ్బును చూశాడు. వాన దిగితే ఈ మట్టిలోంచి లారీని లాగడం ఎవరి తరమూ కాదు.

డ్రైవర్ గిరి రోడ్డు అంచున తల వంచుకుని నిలబడ్డాడు. మోచేయి చీరుకుపోయి ఉంది. వెంకటేశ్ అతన్ని నలుగురిలో కడిగేస్తున్నాడు. ఇంటి దగ్గర భార్య మల్లికకు నెలలు నిండాయని, ఇప్పుడు పని పోతే ఆగమైపోతామని గిరి బతిమాలుకుంటున్నాడు.

“మేకలేమన్న అడ్డమొచ్చినయారా?” అని వెంకటేశ్ అడిగాడు.

“ఏం రాలే సేటు. నాకే కన్నంటుకుంది.”

ఆ మాట వినగానే నాగేందర్ బెల్టులు తెస్తానని క్రేన్ వెనక్కి పోయాడు. బెల్టులు క్రేన్ ముందు వైపే ఉన్నాయి. అతని చెవులు సిగ్గుతో కాలిపోతున్నాయి. అతను కూడా ఒకప్పుడు లారీ తోలినవాడే.

పని మొదలైంది. క్రేన్‌ను తారు మీద నిలిపి, దాని ఇనుప కాళ్ల కింద తుమ్మ దుంగలు పరిచారు. వెంకటేశ్ పిలిపించిన జేసీబీ లారీ చుట్టూ మట్టి తోడింది. ఇక బండి కిందికి దూరి బెల్టు చుట్టాలి. బెల్టు కొంచెం జారినా కింద ఉన్న మనిషి ఉండడు. ఒడ్డు మీద సలహాలు చెప్పిన మొనగాళ్లంతా ఒక్కసారిగా బీడీలు వెతుక్కున్నారు.

గిరి చొక్కా విప్పాడు. నాగేందర్ వైపు ఒకసారి చూసి, కానియ్యమన్నట్టు చెయ్యి ఊపి, బురదలోకి దూరాడు.

మొదటిసారి లాగినప్పుడు క్రేన్ కాలు రోడ్డు అంచులో దిగబడింది. నాగేందర్ వెంటనే బరువు దించేశాడు. జనం గట్టు మీది రాళ్లు మోసుకొచ్చి కాలి కింద వేశారు.

మధ్యాహ్నం బక్కమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. పొద్దుటి నుంచి గిరిని తిట్టీ తిట్టీ ఆమె గొంతు బొంగురుపోయింది. రొట్టెలు తెచ్చి నాగేందర్ ముందే పెట్టింది.

“వాడు నిద్రవోయి నా చేను ముంచె. నువ్వు దేవుని లెక్క వస్తివి బిడ్డా. తిను.”

నాగేందర్ రొట్టె సగం తుంచి గిరికి చాపాడు. గిరి అందుకోలేదు.

“నువ్వు తినన్నా. నీతోటి ఇంక పనుంది,” అన్నాడు.

చివరికి లారీ లేచింది. పైకి వచ్చాక అవతలి పక్కకు పడిపోకుండా జేసీబీ గొలుసుతో పట్టి ఉంచింది. నాగేందర్ గోరంత గోరంతగా దించాడు. చక్రాలన్నీ రాళ్లు పరిచిన నేలను తాకాయి. అప్పుడే తొలి చినుకులు పడ్డాయి. దిమ్మె సంగతి తర్వాత చూసుకోవచ్చు, రాయికి వానేం చేస్తుంది?

జనం చప్పట్లు కొట్టారు. లారీ అద్దానికి వేలాడే బంతిపూల దండ తీసి నాగేందర్ మెడలో వేశారు. నేలలోకి కుంగిపోతే బాగుండునని అతనికి అనిపించింది.

ఆ దండతోనే వెంకటేశ్ దగ్గరికి వెళ్లాడు.

“సేటు, పిలగాన్ని పనిలకెళ్లి తీయకు. అంచు మెత్తగుంది. తారు రోడ్డు దిగితే ఎవ్వడైనా పడుతడు.”

“నిద్రవొయ్యెటోన్ని స్టీరింగు మీద కూసోబెట్టాల్నా? నువ్వే చెప్పు.”

నాగేందర్ మెడలోని దండ సర్దుకున్నాడు.

వెంకటేశ్ చెయ్యి చాపాడు. గిరి జేబులోంచి తాళంచెవి తీసి, బురద తుడిచి, ఆ చేతిలో పెట్టాడు. క్యాబిన్‌లోంచి తన సంచీ తెచ్చుకుని, వానలో కోస్గి వైపు నడిచాడు.

కాస్త దూరం పోయాక నాగేందర్ క్రేన్ అతని పక్కన ఆగింది.

“ఎక్కు తమ్మీ. బస్టాండు కాడ దింపుత.”

గిరి ఎక్కలేదు. తలుపు పట్టుకుని పైకి చూశాడు. ముఖంలో కోపం లేదు.

“వద్దన్నా, నడుస్త గానీ, ఇగ ముందట ఎదురుంగ లోడు బండొస్తే జర నువ్వే తారు దిగు, పొద్దుగాల నీ క్రేనుతోటి నన్ను దింపినట్టు ఇంకొగన్ని దింపకు.”