బెంచీ మీద పిట్టలు

"కాస్త లే పెద్దమ్మా, ఫొటో తీస్తారు," అన్నాడు శిల్పి.

ఆసుపత్రి వరండాలో కొత్త బెంచీ పక్కనే, నేల మీద పడుకుని ఉంది ఆ ముసలావిడ. గబగబా లేచి దుప్పటి చుట్టేసుకుంది. కొడుకు లోపల వార్డులో ఉన్నాడట, పన్నెండు రోజులుగా.

బెంచీ శిల్పి చేసిందే. దాని పొడవునా జానెడెత్తు కంచు పిట్టలు ఆరు వాలి ఉన్నాయి. వెనక గోడ మీద 'ఈ చోటు అందరిదీ' అని రాయించారు. పత్రికవాళ్ళు నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు.

"బెంచీ ఉండగా నేల మీద ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు శిల్పి.

"పాత బెంచీ మీద అయితే వంతులేసుకుని నడుం వాల్చేవాళ్ళం బాబూ. దీని మీద పిట్టలు గుచ్చుకుంటాయి." ఆవిడ ఒక పిట్ట తల నిమిరింది. "చేసినాయన మంచివాడే అయ్యుంటాడు. మాలాంటివాళ్ళు పడుకుంటారని పాపం తెలిసుండదు."

శిల్పి తల దించుకున్నాడు. అతనికి తెలుసు. ఎవరూ పడుకునే వీలు లేకుండా చెయ్యమనే ఆసుపత్రి ఇంజనీరు అడిగాడు. పిట్టకీ పిట్టకీ మధ్య మూరెడు మించకుండా టేపు పట్టి కొలిచింది తనే.

ఇంటికి వెళ్ళాక అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం, రోగుల్ని చూడనిచ్చే వేళకి అందరూ వార్డుల్లోకి వెళ్ళడంతో వరండా ఖాళీ అయింది. శిల్పి పానా తెచ్చి, బెంచీ కిందికి దూరి, నట్లు విప్పి, ఆరు పిట్టల్నీ సంచిలో వేసుకుని బయటపడ్డాడు. ఎవరి కంటా పడలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మీ పిట్టల్ని ఎత్తుకుపోయారండీ. మళ్ళీ చెయ్యాలి. ఈసారి వెల్డింగ్ పెట్టేయండి."

'నేనే తీశాను' అనే మాట శిల్పి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బస్టాండుకి ఇలాంటివే ఇరవై బెంచీలు ఇతనితోనే చేయించాలని సిఫారసు చేసింది ఈ ఇంజనీరే.

"ఎవరి పనో ఏమోనండీ," అన్నాడు. గదిలో ఎవరూ లేకపోయినా మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

"దొంగ దొరికిందిలెండి, పొద్దున్నే బయటికి పంపేశాం. ఎవరూ ఒప్పుకోకపోతే వరండా మొత్తం ఖాళీ చేయిస్తామనేసరికి, ఓ ముసలావిడ లేచి, 'నేనే తీశాను, మిగతావాళ్ళని ఉండనివ్వండి' అంది."