పాపాయి సూర్యుడు

“మళ్లీ సూర్యుణ్ణి పైకెక్కించావా?”

మీనాకుమారి కాళ్ల పసుపు ఇంకా ఆరనే లేదు. పేరంటం నుంచి తెచ్చిన శనగల పొట్లం మంచం మీద పడేసి, బీరువా నిలువుటద్దం ముందు నిలబడింది.

అద్దం కింది సగంలో ఐదేళ్ల పాపాయి కట్టిన ఊరు ఉంది. నీలం రంగు ఇల్లు, ఆకుపచ్చ కొబ్బరిచెట్టు, పసుపుపచ్చ పడవ. సూర్యుడు మాత్రం ఊరొదిలి పోయాడు. చొక్కా గుండీ అంత ఎర్ర బిళ్ల, ఎక్కడో పైన, సరిగ్గా మీనాకుమారి ముక్కుకి ఎదురుగా అంటుకుని ఉంది.

“నేను కాదమ్మా. నేను ఇంటి మీదే పెట్టాను.”

“మరి రెక్కలొచ్చి ఎగిరిందా?”

“ఏమో. నా ఊరంతా చీకటైపోయింది,” అని పాపాయి ఏడుపు మొహం పెట్టింది.

ఆ బొమ్మల పెట్టె వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఇదే గోల. రామచంద్రపురం బజార్లో ఫ్యాన్సీ షాపు నడిపే కుక్కుటేశ్వరరావు, సరుకు కోసం మద్రాసు వెళ్లినప్పుడు కూతురికని పట్టుకొచ్చాడు. పెట్టె నిండా మెత్తటి వినైల్ బిళ్లలు. గుండ్రటివి, నలుచదరపువి, మూడు మూలలవి. జిగురు అక్కర్లేదు. నున్నటి దాని మీద వేలితో అదిమితే అతుక్కుంటాయి, గోటితో లాగితే మరక లేకుండా ఊడొస్తాయి. ఎన్నిసార్లు అంటించినా విసుక్కోవు. పెట్టెతో వచ్చిన అట్ట పాపాయి ఊరికి చాలక, కాపురం అద్దం మీదికి మారింది.

ఆటకి మీనాకుమారి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఆమెని కుదురుగా ఉండనివ్వనిది అబద్ధం. శ్రావణమాసం వచ్చిన దగ్గర్నుంచీ, తను పేరంటానికి వెళ్లి వచ్చేసరికల్లా సూర్యుడు పైకెక్కి కూర్చుంటున్నాడు. పక్కనే కుర్చీ ఉంది. పాపాయి కిందటి నెల ఆ కుర్చీ ఎక్కి పడే గడ్డం పగలగొట్టుకుంది. ఇంకా వేరే సాక్ష్యం కావాలా? మొక్కై వంగనిది మానై వంగుతుందా?

“ఒక్కసారి నిజం చెప్పు. ఏమీ అనను.”

“నేను కాదు.”

చెంప ఛెళ్లుమంది.

వంటింట్లోంచి సత్యలక్ష్మి పరుగెత్తుకొచ్చి పాపాయిని లాక్కుంది. కుక్కుటేశ్వరరావు చెల్లెలామె. మొగల్తూరు కాపురం మూణ్ణాళ్ల ముచ్చటై, రెండేళ్ల కిందట పుట్టింటికి చేరింది. ఇంట్లో పెద్దవాళ్లందరిలోకీ పొట్టి, అందరికన్నా పని ఎక్కువ. అన్న ఊరికి బయల్దేరుతుంటే ఎదురుపడకుండా తలుపు చాటుకి తప్పుకుంటుంది. పేరంటాలకి శనగలు నానబెట్టేదీ, తాంబూలాలు సర్దేదీ ఆమే. వెళ్లేది మాత్రం మీనాకుమారి.

“దాన్ని కొట్టకు వదినా. కావాలంటే నన్ను కొట్టు.”

“నువ్విలా వెనకేసుకొస్తేనే అది మొండికేస్తోంది. ఇంట్లోనే ఉన్నావుగా, చూళ్లేదూ?”

“పెరట్లో ఉన్నానేమో వదినా.”

“అలాగే ఉంది. వీధి తలుపు ఎంతసేపు కొట్టాను!”

సత్యలక్ష్మి పాపాయిని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

భోజనాల వేళ కుక్కుటేశ్వరరావు అంతా విని నవ్వేశాడు.

“గోరంత బిళ్లకి ఇంత రాద్ధాంతమా మీనా?”

“బిళ్ల గురించి కాదండీ, నా బెంగ. ఇప్పుడే ఇలా కళ్లార్పకుండా అబద్ధమాడితే రేపు ఏమవుతుంది? డాక్టరుగారి భార్య మనవడికి ఇలాంటి పెట్టే కావాలన్నారు. ఇంకొక్కసారి సూర్యుడు కదిలాడా, తీసుకెళ్లి ఇచ్చేస్తాను.”

పాపాయి గుడ్లనీళ్లు కుక్కుకుంటూ సత్యలక్ష్మి ఒళ్లో దూరింది. “అత్తా, నువ్వైనా చెప్పవే. నేను కాదు కదా!”

“నువ్వు కాదులే తల్లీ,” అంది సత్యలక్ష్మి, దాని తల నిమురుతూ.

“ఆహా, ఇద్దరూ ఇద్దరే,” అని మీనాకుమారి విసురుగా లేచిపోయింది.

ఆ వారమంతా సూర్యుడు బుద్ధిగా ఇంటి మీదే ఉన్నాడు. మీనాకుమారి మనసు మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. అన్నం వార్చబోయి అద్దం దగ్గరికి, పువ్వులు కడుతూ అద్దం దగ్గరికి. పిల్ల బుద్ధి మారిందనుకోడానికి ధైర్యం చాలడం లేదు.

శుక్రవారం డాక్టరుగారింట్లో పేరంటం. కాళ్లకి పసుపు రాయించుకుందన్న మాటే గానీ, ఆమె ధ్యాసంతా అద్దం మీదే. తాంబూలం ఇంకా చేతికి రాకముందే లేచి నిలబడింది.

“అదేంటండీ, అప్పుడే?”

“పిల్ల ఒక్కతే ఉందండీ,” అని అబద్ధమాడేసి బయటపడింది.

ఇవాళ చేతికి చిక్కాల్సిందే. వీధి తలుపు కొడితే జాగ్రత్తపడుతుందని, వాన బురదలో సందు చుట్టి పెరటి వైపు వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్లింది.

వంటింట్లో చాప మీద పాపాయి ఒళ్లెరగకుండా నిద్రపోతోంది.

మీనాకుమారి నిలువునా ఆగిపోయింది. మరి గదిలో అలికిడి ఎవరిది? పాపాయిని కొట్టిన చెయ్యి చురుక్కుమన్నట్టయింది. మెల్లగా వెళ్లి తలుపు సందులోంచి చూసింది.

సత్యలక్ష్మి అద్దం ముందు వంగి, ఇంటి మీది ఎర్ర బిళ్లని గోటితో ఊడదీసింది. లేచి, తన ముఖానికి ఎదురుగా అద్దం మీద అంటించింది. కుదరలేదు కాబోలు, తీసి వెంట్రుకవాసి కిందికి జరిపింది. అడుగు వెనక్కి వేసి, పైట సర్దుకుని, కదలకుండా నిలబడింది. నవ్వింది. ఈ రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ చూడని నవ్వు అది.

అద్దంలో ఆమె నుదుట బొట్టుంది.