తిరిగే స్టూలు లెక్క

“తిరిగే స్టూలు మీద ఒకమ్మాయి చేతులు చాపి కూర్చుంది. సెకనుకు ఒక చుట్టు తిరుగుతోంది. జడత్వ భ్రామకం ఆరు. చేతులు ముడుచుకుంటే అది రెండయింది. ఇప్పుడు సెకనుకు ఎన్ని చుట్లు, మేడమ్?”

ఎదురుగా కూర్చున్న అమ్మాయి అట్టముక్క చూసి చదివింది. ఫిజిక్స్ మేడమ్ తడుముకోలేదు.

“మూడు. కోణీయ ద్రవ్యవేగం మారదు. ఆరొకట్లు ఆరు, రెండు మూళ్ళు ఆరు.”

కాగితం లేదు, పెన్ను లేదు. అంతా నోటిలెక్కే. పైగా తల కదపకూడదని షరతు. ఇరవై ఆరేళ్ళు బోర్డు ముందు చేతులు తిప్పుతూ పాఠం చెప్పిన మనిషికి ఇది పెద్ద శిక్షే.

ప్రశ్నలన్నీ నిన్న ఆవిడే రాసిచ్చింది. సొంత ప్రశ్నలతో పరీక్షేమిటని నవ్వకండి. ఇది తేడా వస్తే ఇక క్లాసు గడప తొక్కేది లేదు. ఆ సంగతి వాళ్ళు ముందే చెప్పేశారు. పాఠం చెప్పలేని బతుకు తనకొద్దని ఆవిడా చెప్పేసింది. బయట బెంచీ మీద ఆవిడ భర్త కూర్చోలేక లేస్తున్నాడు, నిలవలేక కూర్చుంటున్నాడు.

నాలుగు లెక్కలు గడిచాయి. ప్రతి జవాబుకీ వెనక నుంచి పెద్దాయన “ఊఁ” అంటున్నాడు. ఆయన ముఖం ఆవిడకు కనపడదు.

“తిరుగుతున్న పళ్ళెం అంచున ఉన్న చీమ మధ్యకు నడిచింది. పళ్ళెం వేగం ఏమవుతుంది?”

మేడమ్ నోరు తెరిచింది. తను పుట్టించిన లెక్కే తనకు కొరకరాని కొయ్యయింది.

“తగ్గుతుంది,” అంది. వెంటనే, “కాదు,” అంది. మరేమవుతుందో తెలియలేదు. మొద్దు పిల్లలు కూడా తప్పని లెక్క.

వెనక “ఊఁ” వినపడలేదు.

“మళ్ళీ అడగమ్మా,” అన్నాడు పెద్దాయన.

అమ్మాయి మళ్ళీ చదివింది.

“పెరుగుతుంది. బరువు ఇరుసు దగ్గరికొచ్చింది కదమ్మా, పెరక్కేం చేస్తుంది?” ఇందాక ఇది ఎటు పోయిందో మేడమ్‌కే అర్థం కాలేదు.

పెద్దాయన ఇంకోసారి అడిగించాడు. మళ్ళీ బుర్ర ఖాళీ. మరోసారి అడిగించాడు. జవాబు టక్కున వచ్చింది.

“ఇక చాలు,” అన్నాడాయన.

పుర్రె తెరిచి ఉన్న మేడమ్ మెదడు మీద, సన్నటి కరెంటు తగలగానే లెక్క తప్పిన ఆ చోట గుర్తుగా చిన్న కాగితం ముక్క పెట్టి, సర్జన్ కణితిని రెండో వైపు నుంచి కోయడం మొదలుపెట్టాడు.