రొసుయి గారి వెంట్రుకలు

మ్యూజియం అధికారి కుజే మా గుమ్మంలో బూట్లు విప్పుతూనే రొసుయి భజన మొదలుపెట్టాడు. ఆ మహా చిత్రకారుడు పోయి నూరేళ్లయిందని ప్రదర్శన పెడుతున్నారట.

“తల దువ్వుకునే అమ్మాయి బొమ్మలో ఆ జుట్టు చూశారా పెద్దమ్మా? గోరంత చోట నలభై వెంట్రుకలు. అలాంటి చెయ్యి మళ్లీ పుట్టదు.”

“చూశాను బాబూ. ఆ బొమ్మను అచ్చువేసిన చెక్కను చెక్కింది మా ముత్తాతే.”

“అవునట. మీకు వెనక వరసలో కుర్చీ వేయిస్తాం.”

నిలబడమననందుకు తల వంచి నమస్కరించాను.

తర్వాత ఒక ఫొటో నా ముందు పెట్టాడు. రొసుయి స్వహస్తాలతో గీసిన చిత్తుబొమ్మ ఈమధ్యే దొరికిందట. మామూలుగా బొమ్మ గీసిన కాగితాన్ని చెక్కకు అంటించి దానితోపాటే చెక్కేస్తాం, ఏమీ మిగలదు. ఇది ఎలాగో మిగిలింది. జుట్టు ఉండాల్సిన చోటంతా ఖాళీ. ఆ ఖాళీలో గొలుసుకట్టు రాతలో రెండు పంక్తులు.

“పద్యం. పాత రాత చదివే మా పండితుడు రిటైరయ్యాడు. అయినా అందంగా ఉందని గొడుగుల మీదా సంచుల మీదా అచ్చేయించేశాం. పాత అక్షరాలు చెక్కిన ఇంటివారు కదా, ప్రారంభం రోజున మీరే చదివి వినిపించాలి.”

కళ్లజోడు పెట్టుకుని చదివాను.

“‘జుట్టు గీయడం నావల్ల కాదు. ఎప్పటిలాగే నువ్వే చూసుకో.’”

కుజే ఫొటోను తన వైపు తిప్పుకుని, మళ్లీ తలకిందులుగా తిప్పి చూశాడు.

“ఇంకోలా చదవడానికి వీలుపడదా పెద్దమ్మా?”

“ఏమో బాబూ. వెనక వరసలోంచి ఇలాగే కనిపిస్తుంది.”