తనిఖీలో ఉంది

"అదిగో, నీ డ్రాగన్ తాతయ్య వచ్చాడు," అంది పక్క సీటు ఆవిడ నవ్వాపుకుంటూ.

ఆ మాట అనిపించుకున్న ఆమెది లైబ్రరీలో ఈబుక్కుల కౌంటర్. కొత్త ఫాంటసీ నవల ఏ మూల విడుదలైనా ముందుగా వాసన పట్టేది ఆమే.

పెద్దాయన ప్రతి సోమవారంలాగే సంచిలోంచి ఈబుక్కులు చదివే రీడర్ తీసి బల్లమీద పెట్టాడు.

"ఏం తల్లీ, వచ్చిందా నా వంతు?"

"ఇంకా తనిఖీలో ఉందండీ."

"తనిఖీ అంటే?"

"కొత్త ఈబుక్ ఏదొచ్చినా ముందు మేం తెరిచి చూడాలి. పేజీలు తారుమారయ్యాయా, అధ్యాయాలు ఎగిరిపోయాయా అని. ఆ తర్వాతే మీకు."

"అమ్మో, ఎంత పని!" అన్నాడాయన జాలిగా.

ఆ జాలి ఆమెకు చురుక్కుమంది.

నిజానికి తనిఖీకి టీ తాగేంత సేపు చాలు. లైబ్రరీ కొన్నది ఒక్కటే ప్రతి. ఒకసారికి ఒక్కరే చదవాలి. వరసలో మొదటి పేరు పెద్దాయనదే. కానీ 'తనిఖీలో ఉంది' అన్న గుర్తు తీసేయనంతకాలం పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది.

నిప్పంటే భయపడే డ్రాగన్ కథ అది. అయిపోతుందేమోనన్న బెంగతో, చిన్నపిల్లలు మిఠాయి చప్పరించినట్టు, రోజుకి కాస్త చదువుతోంది. ఇది దొంగతనం కాదు, ఉద్యోగమే కదా అని మనసుకి నచ్చజెప్పుకుంటూ. నచ్చజెప్పాల్సి వస్తోందంటేనే మనసు ఒప్పుకోలేదని ఆమెకి తెలుసు.

"అచ్చు పుస్తకం చదవొచ్చు కదండీ?"

"ఇంట్లోనే ఉందమ్మా. విడుదలకి ముందే వచ్చింది. తెరిస్తే అన్నీ చీమలబారులే. ఇందులో అయితే అక్షరం నిమ్మకాయంత చేసుకోవచ్చు."

విడుదలకి ముందేనట! కోతలు కోస్తున్నాడనుకుంది.

"పోనీ, ఎవరిచేతైనా చదివించుకుని వినండి."

"నా కళ్ళతోనే చదువుతానని మాటిచ్చాను తల్లీ. పుస్తకం పంపినవాళ్ళకి ఈ కళ్ళ సంగతి తెలీదు, తెలియనివ్వను. ఇవి పూర్తిగా మొండికేయక ముందే కానిచ్చేయాలి."

పెద్దవయసులో అందరూ అనే మాటే కదా అనుకుంది. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

ఆయన బల్లమీదికి వంగాడు.

"అవునూ, కొవ్వొత్తి చూసి డ్రాగన్ మంచం కింద దూరుతుంది. అది ఉందా అందులో?"

"ఉంది! తోక మాత్రం బయటే..."

నాలిక కరుచుకుంది.

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. పైగా ఏదో దాచుకున్న సంబరం.

"అయితే చదువుతున్నావన్నమాట! కానీ తల్లీ, కానీ. ఇంకో వారం ఆగుతానులే."

నాలుగు తిట్టినా బాగుండేది.

చదవనివాడికి కొవ్వొత్తి సంగతి ఎలా తెలిసింది? ఏ ప్రకటనలోనో చూసుంటాడు. గుర్తు తీసేద్దామని ఆమె వేలు మీటదాకా వెళ్ళింది. ఇంకొక్క అధ్యాయమే ఉంది. అదీ అయ్యాక ఇచ్చేద్దాంలే అనుకుంది.

ఆ వారం ఆ అధ్యాయం తెరవనేలేదు. ముగించడం ఇష్టంలేక కొంత, ఆయన నవ్వు అడ్డొచ్చి కొంత. అలాగని ఇవ్వనూ లేదు. గడ్డివాము దగ్గర కుక్క సామెత తనకోసమే పుట్టినట్టనిపించింది.

సోమవారం ఆయన్ని వాచ్‌మన్ మోచేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

"అదిగో, నీ డ్రాగన్..." అనబోయి పక్క సీటు ఆవిడ ఆగిపోయింది.

పెద్దాయన బల్ల అంచు తడుముకుని, అలవాటుగా రీడర్ పెట్టాడు.

"నా పేరు కొట్టేయి తల్లీ. వెనకవాళ్ళకి ఇచ్చేయి."

"అదేంటండీ! ఇవాళ ఇస్తున్నాగా. ఇదిగో, ఇప్పుడే..."

గబగబా గుర్తు తీసేసింది. రీడర్ వెలిగింది. తెరనిండా నిమ్మకాయలంత అక్షరాలు.

"వచ్చిందా?"

"వచ్చిందండీ."

ఆయన వేలితో తెర నిమిరాడు.

"నున్నగా ఉంది," అని నవ్వాడు. "మొన్నటినుంచి వెలుతురొక్కటే మిగిలిందమ్మా. అక్షరాలు పోయాయి."

ఆమె రీడర్‌ని ఆయన చేతికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఒక్కటి చెప్పు. ముగింపు బాగా కుదిరిందా?"

చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"చాలా బాగుందండీ."

"అంతే చాలు. అడిగితే అదే చెబుతాను."

"ఎవరడిగితే?"

ఆయన అప్పటికే వాచ్‌మన్ చెయ్యి వెతుక్కుంటూ గుమ్మంవైపు తిరిగాడు.

"మీ రీడర్ మర్చిపోయారండీ!"

"ఉంచు తల్లీ. చూపున్నవాళ్ళకి పనికొస్తుంది."

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి, ఆఖరి అధ్యాయం ఆ రీడర్‌లోనే చదివింది. అక్షరాల సైజు తగ్గించడానికి చెయ్యి రాలేదు. పేజీకి నాలుగే మాటలు. డ్రాగన్ కథ ముగిసింది. వెనకాల రచయిత్రి మాట ఇంకా మిగిలింది. అదీ నాలుగేసి మాటలుగానే వచ్చింది:

"నాన్నా, కరెంటు పోయినప్పుడల్లా ఈ డ్రాగన్ కథ నాకు చెప్పింది నువ్వే, ముగింపుదాకా నేనెప్పుడూ మెలకువగా లేను కాబట్టి అదొక్కటీ సొంతంగా రాశాను, సరిగ్గా కుదిరిందో లేదో నువ్వే చదివి చెప్పాలి."